విమానం ‘వచ్చింది’ అంటే ఎక్కడికి వచ్చినట్టు?

మొన్నొక ఆదివారం గుంటూరులో మా పెదనాన్నగారింట్లో భోజనాల దగ్గర ఒక వాదం లేచింది. మన దేశంలో ఏడాదికి ఎంతమంది విమానం ఎక్కుతున్నారన్నది సంగతి. మా అన్నయ్య 15 కోట్లన్నాడు. పెద్దమ్మ వాళ్ల మేనల్లుడు కాదు, 30 కోట్లన్నాడు. ఇద్దరూ ఫోన్లు తీశారు, ఇద్దరికీ ఆధారం దొరికింది. అన్నయ్య చూపించింది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్క: 2023లో దేశీయ విమానాల్లో ప్రయాణించినవాళ్లు సుమారు 15.2 కోట్లు. రెండో అతను చూపించింది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లెక్క: 2023-24లో దేశీయ ప్రయాణికులు 30 కోట్ల పైమాటే. ఒకటి క్యాలెండర్ సంవత్సరం, ఇంకొకటి ఆర్థిక సంవత్సరం. కానీ మూడు నెలలు అటూ ఇటూ అయినంత మాత్రాన అంకె రెట్టింపు కాదు కదా.

కారణం వేరే ఉంది. ఎయిర్‌లైన్ తాను మోసిన మనిషిని ఒకసారి లెక్కేస్తుంది. విమానాశ్రయం ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ కలిపి లెక్కేస్తుంది. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో దిగిన మనిషి ఎయిర్‌లైన్ ఖాతాలో ఒక్కడే. విమానాశ్రయాల ఖాతాలో గన్నవరానికి ఒకడు, ఢిల్లీకి ఒకడు. అదే మనిషి హైదరాబాద్‌లో విమానం మారితే ఎయిర్‌లైన్ లెక్కలో రెండవుతాడు, విమానాశ్రయాల లెక్కలో నాలుగవుతాడు: గన్నవరం ఒకటి, హైదరాబాద్‌లో దిగినందుకు ఒకటి, మళ్లీ ఎక్కినందుకు ఇంకొకటి, ఢిల్లీ ఒకటి. విమానం మారకుండా అదే ఫ్లైట్ నంబరుతో అదే సీట్లో కూర్చుని ముందుకు పోతే లెక్క మళ్లీ మారుతుంది. అప్పుడతను ట్రాన్సిట్ ప్రయాణికుడు, అంతర్జాతీయ పద్ధతిలో ఆ మధ్య విమానాశ్రయంలో ఒక్కసారే లెక్కలోకి వస్తాడు.

ఇందులో ఏ లెక్కా తప్పు కాదు. రన్‌వే, టెర్మినల్ ఎంత పెద్దవి కట్టాలో తేల్చడానికి విమానాశ్రయం లెక్క కావాలి. టికెట్ల వ్యాపారం తెలియాలంటే ఎయిర్‌లైన్ లెక్క కావాలి. చిక్కల్లా అన్నిటికీ ‘ప్రయాణికులు’ అని ఒకే పేరు పెట్టి బయటకు వదలడం దగ్గరే వచ్చింది.

భోజనాల దగ్గర వాదంతో పోయేదేమీ లేదు. కానీ ఇదే తికమక ఎయిర్‌లైన్‌కీ, విమానాశ్రయానికీ, విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీకీ, నేల మీద విమానం పనులు చూసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్లకీ మధ్య నిమిషం నిమిషం నడిచే డేటాలో ఉంది. నేను విజయవాడలో ఒక చిన్న డేటా కంపెనీలో పనిచేస్తున్నాను. వేర్వేరు విమానాశ్రయాల నుంచి వచ్చే ఫైళ్లను ఒకచోట చేర్చి రిపోర్టులు తయారు చేయడం మా పనుల్లో ఒకటి. ఆ పని చేస్తూ చేస్తూ నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: విమానాశ్రయాలు వాడే డేటా మాటలకు అర్థాలు ఖాయం చేసే పనిని సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వదిలేయకూడదు. అది నియంత్రణ సంస్థ చేయాల్సిన పని. పెద్ద విమానాశ్రయాల కంటే గన్నవరం లాంటి చోట్లకే దాని అవసరం ఎక్కువ.

ఒక రాక, నాలుగు సమయాలు

విమానం ‘వచ్చింది’ అన్న మాటే తీసుకుందాం. చక్రాలు రన్‌వేను తాకిన క్షణం ఒకటి. టాక్సీ చేసుకుంటూ, అంటే నేల మీదే నడుచుకుంటూ వచ్చి, విమానం నిలిపే చోటైన బేలో ఆగాక చక్రాలకు ఛాక్స్, అంటే కదలకుండా అడ్డు దిమ్మలు, పెట్టిన క్షణం ఇంకొకటి. తలుపు తెరుచుకున్నది మూడోది. బయట ఎదురుచూస్తున్న వాళ్లకైతే అసలు లెక్క నాలుగోది, మొదటి బ్యాగు బెల్టు మీదికి రావడం. రద్దీ లేని చిన్న విమానాశ్రయంలో మొదటి రెండింటికీ మధ్య అయిదారు నిమిషాలుంటాయేమో. బే ఖాళీ లేని పెద్ద నగరంలో అరగంటైనా పట్టొచ్చు. ‘యాక్చువల్ టైమ్ ఆఫ్ అరైవల్’, ఏటీఏ అని మనకు వచ్చే ఫైళ్లలో ఉన్న గడి ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు.

ఆ మధ్య మా పిన్ని మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒక మహానగరంలో ఉన్న కూతురి దగ్గరికి ఒంటరిగా విమానంలో వెళ్లింది. వీల్‌చెయిర్ ముందే చెప్పి పెట్టాం. నేను గుంటూరులో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ట్రాకింగ్ యాప్‌లో విమానం దిగిపోయింది. ఎయిర్‌లైన్ నుంచి కూడా ‘చేరుకుంది’ అని మెసేజ్ వచ్చింది. పిన్నికి ఫోన్ చేస్తే, “ఎక్కడ దిగడంరా, ఇంకా సీట్లోనే ఉన్నాను. ముందు విమానం కదిలితేగానీ మాకు చోటు లేదంట” అంది. బయట చెల్లెలేమో, “అన్నయ్యా, బోర్డు మీద వచ్చేసిందని ఉంది, అమ్మ కనపడట్లేదు” అని టెన్షన్ పడుతోంది. ముగ్గురం మూడు సమయాల్లో ఉన్నాం.

అంతవరకూ అయితే సర్దుకోవచ్చు. పిన్ని దిగేసరికి తలుపు దగ్గర వీల్‌చెయిర్ లేదు. సహాయకుడు ముందే వచ్చి, విమానం బేకి రాకపోయేసరికి వేరే గేటు దగ్గర ఇంకో పెద్దాయన కోసం వెళ్లిపోయాడట. అతన్ని పిలిచిన సమయం విమానం నేలను తాకిన దాన్నిబట్టి వచ్చింది. అతనికి కావలసింది తలుపు తెరిచే సమయం. అతని తప్పేముంది? అతని చేతిలోని ఫోన్లో ‘అరైవ్డ్’ అనే కదా ఉంది. పిన్ని విమానం గుమ్మంలో చాలాసేపు ఒంటి కాలి మీద బరువు వేసి నిలబడింది.

ఇదే ప్రశ్న యూరప్‌లో కోర్టుకెక్కింది. ఆస్ట్రియాలోని సాల్స్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్-బాన్‌కు వెళ్లిన జర్మన్‌వింగ్స్ విమానం ఆలస్యమైంది. అక్కడి చట్టం ప్రకారం మూడు గంటలు, అంతకుమించి ఆలస్యంగా చేరితే పరిహారం ఇవ్వాలి. విమానం చేరాల్సింది 14:40కి. చక్రాలు రన్‌వేను తాకింది 17:38కి. అంటే ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. బేలో ఆగింది 17:43కి. అంటే 3 గంటల 3 నిమిషాలు. తలుపు తెరిచింది ఆ తర్వాత. మొదటి అర్థం తీసుకుంటే ప్రయాణికుడికి పైసా రాదు. తక్కిన రెండింటిలో ఏది తీసుకున్నా 250 యూరోలు వస్తాయి. 2014 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణికులు దిగడానికి వీలైన సమయమే విమానం చేరిన సమయం. ఎందుకంటే అప్పటిదాకా మనిషి ఆ మూసిన డబ్బాలోనే ఉంటాడు, బయటి ప్రపంచంతో తన పనులు చేసుకోలేడు అని కోర్టు కారణం చెప్పింది. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి వైపు నుంచి ఆలోచించిన తీర్పు అది. నాకది చాలా నచ్చింది.

కానీ చూడండి, ఒక మాటకు అర్థం తేలడానికి ఒక దేశపు కోర్టు నుంచి లక్జెంబర్గ్‌లోని పెద్ద కోర్టు దాకా కేసు వెళ్లాల్సి వచ్చింది.

మాంట్రియల్‌లో మూడు ఆఫీసులు

అర్థాలు ఖాయం చేసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. ప్రభుత్వాల వైపు నుంచి ఐకావో, ఎయిర్‌లైన్ల వైపు నుంచి అయాటా, విమానాశ్రయాల వైపు నుంచి ఏసీఐ. మూడింటికీ ప్రధాన కార్యాలయం కెనడాలోని మాంట్రియల్లోనే. ఒకే ఊళ్లో ఉన్నా ఎవరి భాష వాళ్లది. మన గన్నవరం అయాటాకు వీజీఏ, ఐకావోకు వీఓబీజెడ్. ఇండిగో ఒకరికి 6ఈ, ఇంకొకరికి ఐజీఓ. ఎయిర్‌బస్ ఏ320 నియో ఒకరి పుస్తకంలో 32ఎన్, ఇంకొకరి పుస్తకంలో ఏ20ఎన్. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పుడు హెచ్‌వైడీ అన్న కోడ్ అక్కడికి వెళ్లిపోయి బేగంపేటకు బీపీఎం వచ్చింది. బ్యాగేజీ విభాగంలో బీపీఎం అంటే బ్యాగు ఒక దశ దాటిందని చెప్పే మెసేజ్. సందర్భం తెలిసిన మనిషికి ఇందులో గందరగోళం ఉండదు. డేటాబేస్‌కు సందర్భం తెలియదు.

ఒకే మాట మీదికి వచ్చిన చోట ఫలితం ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్ చూడండి. అయాటా దాని లోపలి అమరికను ఖాయం చేసి, 2010 చివరికల్లా సభ్య సంస్థలన్నీ వాడాలని గడువు పెట్టింది. గన్నవరంలో ఇచ్చిన పాస్‌ను సింగపూర్‌లోని యంత్రం కూడా చదువుతుంది. పేరు ఎక్కడ, ఫ్లైట్ నంబరు ఎక్కడ, సీటు ఎక్కడ అన్నది ముందే ఒప్పుకున్నారు కాబట్టి. డిజీయాత్ర మొదలైన తొలి ఏడు విమానాశ్రయాల్లో విజయవాడ కూడా ఉంది. ముఖం చూపించి లోపలికి వెళ్లే ఆ గేటు కూడా ఇలాంటి ఒప్పందాల మీదే నడుస్తోంది.

విమానం రాకపోకల విషయంలో ఇలాంటి పనే యూరప్ మొదలుపెట్టింది. దాని పేరు ఏ-సీడీఎం, విమానాశ్రయంలో అందరూ కలిసి నిర్ణయాలు తీసుకునే పద్ధతి. పూర్తిగా అమలు చేసిన మొదటి యూరప్ విమానాశ్రయం మ్యూనిక్, 2007లో. అందులో ఒక విమానం ప్రయాణాన్ని 16 మైలురాళ్లుగా విడగొట్టారు. నేలను తాకిన సమయం పేరు ఏఎల్‌డీటీ, బేలో ఆగిన సమయం ఏఐబీటీ. అక్కడ ‘వచ్చింది’ అని ఊరికే అనడానికి వీల్లేదు. మన దేశంలో ఢిల్లీ, ముంబై లాంటి పెద్ద చోట్ల ఏ-సీడీఎం ఉంది. ఏసీఐ వాళ్లు ఆక్రిస్ అనే పేరుతో విమానాశ్రయాల డేటా మాటలను ఒక చట్రంలో పెట్టారు. ఎయిర్‌లైన్లూ విమానాశ్రయాలూ ఫ్లైట్ వివరాలు మార్చుకోవడానికి ఏఐడీఎక్స్ అనే ఫార్మాట్ ఎప్పట్నుంచో ఉంది. అంటే సరుకు ఉంది. వాడి తీరాలన్న పట్టుదల లేదు.

రేడియోలో మాట్లాడే భాష విషయంలో విమానయానం ఇంత ఉదాసీనంగా లేదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పైలట్ అన్న ఒక వాక్యాన్ని టవర్ ఒకలా అర్థం చేసుకుంది, పైలట్ ఉద్దేశం ఇంకోలా ఉంది. ఆ తర్వాత ‘టేకాఫ్’ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప పలకకూడదని పెట్టుకున్నారు. మిగతా సందర్భాల్లో ‘డిపార్చర్’ అనాలి. మాట్లాడే మాటకు ప్రాణాల ఖరీదుంది కాబట్టి నియమం వచ్చింది. డేటాలోని మాట తేడా వస్తే ప్రాణాలు పోవు. పిన్ని లాంటివాళ్లు నిలబడిపోతారు, బ్యాగులు వెనకబడతాయి, రిపోర్టులు అబద్ధం చెబుతాయి. అందుకే ఎవరికీ తొందర లేదు.

బావగారి అభ్యంతరం

మా బావగారు, అంటే అక్క భర్త, గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నారు. ఏ విమానాశ్రయమో చెప్పను. ఇదంతా ఆయన దగ్గర ఏకరువు పెడితే ఓపిగ్గా విని, “నువ్వు చెప్పేది ఆఫీసులో కూర్చునేవాళ్లకు బాగుంటుంది” అన్నారు.

ఆయన వాదం కొట్టిపారేసేది కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఏ-సీడీఎంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట టీఓబీటీ. దాని నిర్వచనం చదివితే ముచ్చటేస్తుంది: తలుపులన్నీ మూసి, ఏరోబ్రిడ్జి తీసేసి, వెనక్కి నెట్టే బండి వచ్చి నిలబడి, టవర్ అనుమతి ఇవ్వగానే కదలడానికి విమానం సిద్ధంగా ఉంటుందని ఎయిర్‌లైన్ లేదా గ్రౌండ్ హ్యాండ్లర్ అంచనా వేసే సమయం. ఏ పని అయితే ‘రెడీ’ అన్నట్టో ఒక్కొక్కటీ చెప్పేశారు. ఎవరు చెప్పాలో కూడా చెప్పారు. దాన్నిబట్టి ఇంజిన్ స్టార్ట్‌కు అనుమతి వచ్చే సమయాన్ని, టీశాట్‌ను, ఏటీసీ వైపు నుంచి ఇస్తారు. ఒక మాట ఒకరి బాధ్యత, ఇంకో మాట ఇంకొకరి బాధ్యత.

“అదే కదా నా బాధ,” అన్నారు బావగారు. “ఇప్పుడు కెప్టెన్ అడిగితే ‘ఆల్మోస్ట్ రెడీ సార్’ అంటాను. అప్పటికి బ్యాగులు ఇంకా ఎక్కుతుంటాయి, ఫ్యూయల్ బౌజర్ ఇంకా పక్కనే ఉంటుంది, ముగ్గురు ప్రయాణికులు సెక్యూరిటీలో ఇరుక్కుని ఉంటారు. అన్నీ నేను మోస్తాను, ఎలాగోలా పంపిస్తాను. నువ్వు చెప్పినట్టు గడిలో ఒక నిమిషం రాస్తే, ఆ నిమిషం దాటిన ప్రతిసారీ నా పేరు పైకి వెళ్తుంది. ఫ్యూయల్ వాడిది వెళ్లదు, సెక్యూరిటీది వెళ్లదు.”

“అలాంటప్పుడు డిలే కోడ్ ఉంటుంది కదండీ?” అన్నాను.

ఆయన నవ్వలేదు. డిలే కోడ్ అంటే ఆలస్యానికి కారణం చెప్పే అంకె. 93 అంటే వెనకటి ట్రిప్పులో విమానమే ఆలస్యంగా వచ్చింది. 71 అంటే బయల్దేరే చోట వాతావరణం బాగాలేదు. విమానం వెళ్లిపోయాక ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని ఏ కోడ్‌కు వెయ్యాలన్న బేరం మొదలవుతుందని చెప్పారు. ఎయిర్‌లైన్ మనిషి పైచేయి, హ్యాండ్లర్ కింది చేయి. ఆయన మాటల్లోనే, “ఎవడి గొంతు పెద్దదైతే వాడి మీద కోడ్ పడదు.”

ఇది విన్నాక నా అభిప్రాయం మారలేదు గానీ, దాని ఆకారం మారింది. ‘ఆల్మోస్ట్ రెడీ’ అన్న మాట బద్ధకం వల్ల పుట్టిందని అనుకునేవాణ్ణి. కాదు, అది కింద ఉన్న ఉద్యోగికి ఉన్న ఒకే ఒక్క గొడుగు. అర్థం ఖాయం చేస్తే ఆ గొడుగు లాక్కున్నట్టే. లాక్కునే ముందు వాన పడకుండా చూడాల్సిన బాధ్యత నియమం పెట్టేవాళ్లదే. అంటే హ్యాండ్లర్ ఇచ్చే ఒక్క సమయమే కాదు, ఫ్యూయల్ ముగిసిన సమయం, బోర్డింగ్ ముగిసిన సమయం, బ్యాగులు ఎక్కించడం ముగిసిన సమయం కూడా అంతే గట్టిగా, వాటివాటి యజమానుల పేరు మీద నమోదవ్వాలి. సగం మాటలకు అర్థాలు ఖాయం చేసి సగం వదిలేస్తే, ఖాయమైనవాటి యజమానులే అన్నిటికీ జవాబు చెప్పాల్సి వస్తుంది. అసలే మాటా ఖాయం చేయకపోవడం కంటే అది ఎక్కువ అన్యాయం.

పట్టిక రాసుకుంటే చాలదా?

మా రంగంలో వాళ్లు చెప్పే అభ్యంతరం వేరు. ఎవరి మాటలు వాళ్లను వాడుకోనివ్వండి, మధ్యలో ఒక పట్టిక పెట్టుకుంటే సరిపోతుంది అంటారు. వీళ్ల ఏటీఏ అంటే వాళ్ల ఏఐబీటీ, వీళ్ల ‘బే’ అంటే వాళ్ల ‘స్టాండ్’ అని రాసుకుంటే ప్రోగ్రామ్ మార్చేస్తుంది. ఇప్పుడైతే ఆ పట్టిక కూడా ఏఐ రాసి పెడుతుంది అంటున్నారు.

బే, స్టాండ్ లాంటి వాటికి ఇది చాలు. పేర్లు వేరు, వస్తువు ఒకటి. కానీ ఒక విమానాశ్రయం రెండు సమయాలను విడివిడిగా నమోదే చేయనప్పుడు ఏ పట్టికా వాటిని విడదీయలేదు. మాకొక ఫైలు వచ్చింది. మూడు విమానాశ్రయాల నుంచి టర్నరౌండ్ సమయాలు, అంటే విమానం వచ్చి మళ్లీ బయల్దేరడానికి పట్టిన సమయం. ఒక చోట మిగతా రెండింటికంటే ప్రతి విమానానికీ ఎనిమిది పది నిమిషాలు ఎక్కువ. అక్కడి సిబ్బంది మందకొడి అని రిపోర్టులోకి ఎక్కబోయింది. తవ్వి చూస్తే అక్కడ ‘రాక’ అంటే చక్రాలు తాకిన సమయం, మిగతా రెండు చోట్లా ఛాక్స్ పెట్టిన సమయం. ఆ ఎనిమిది పది నిమిషాలు టాక్సీ చేసినవి. ఛాక్స్ సమయం ఆ మొదటి చోట ఎవరి నోట్‌బుక్‌లోనో ఉంది, డేటాలో లేదు. పేరైతే మార్చగలం. లేని కొలతను ఎక్కణ్ణుంచి తెస్తాం? ఏఐ తెచ్చినా అది ఊహే అవుతుంది.

తేదీల సంగతి ఇంకో రకం తలనొప్పి. ఫ్లైట్ ప్లాన్లు, ఏటీసీ సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్‌లో ఉంటాయి. ప్రయాణికుల షెడ్యూలు మన టైమ్‌లో ఉంటుంది. మనకు తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరే విమానం యూటీసీలో ముందురోజు రాత్రి 23:30ది. నెల మొదటి తేదీ పొద్దున్నే వెళ్లిన విమానం ఒక ఫైలులో ఈ నెలలో, ఇంకో ఫైలులో పోయిన నెలలో ఉంటుంది. పొగమంచు కాలంలో తెల్లవారుజాము విమానాలే ఎక్కువ దెబ్బతింటాయి కాబట్టి, ఆలస్యాల లెక్క సరిగ్గా అక్కడే చెదిరిపోతుంది. ‘తేదీ’ అన్న గడి పక్కన ఎవరి తేదీ అని ఒక్క ముక్క రాస్తే తీరిపోయే సమస్య ఇది.

గుంటూరు మిర్చి యార్డులో పొద్దున ‘ఇవాళ ఇన్ని వేల టిక్కీలు (బస్తాలు) వచ్చాయి’ అంటారు, ధర మాత్రం క్వింటాల్‌కు చెబుతారు. టిక్కీకి ఎంత బరువుంటుందో యార్డులో ఉన్న రైతుకీ, కమీషన్ వ్యాపారికీ, హమాలీకీ తెలుసు. అక్కడ ఎవరూ నిర్వచనం రాసుకోనక్కర్లేదు. ఆ లెక్క దూరాన ఉన్న కొనుగోలుదారుకు పంపేటప్పుడు మాత్రం టిక్కీలను కిలోల్లోకి మార్చి తీరాలి. విమానాశ్రయం డేటా పుట్టిన క్షణం నుంచే దూరానికి వెళ్లేది. హైదరాబాద్‌లో విమానం ఎప్పుడు కదిలిందో తెలిస్తేనే గన్నవరంలో బే ఎప్పుడు ఖాళీ చేయాలో తెలుస్తుంది.

నాకున్న అనుమానాలు

అర్థాలు ఖాయం చేస్తే అన్నీ చక్కబడిపోతాయని నేను నమ్మడం లేదు. కొలత పెట్టిన ప్రతిచోటా కొలతకు తగ్గట్టు నడవడం నేర్చుకుంటారు. షెడ్యూలులోని బయల్దేరే సమయం బే నుంచి కదిలే సమయమే తప్ప గాల్లోకి లేచే సమయం కాదు. పదిహేను నిమిషాల లోపు కదిలితే ‘ఆన్ టైమ్’ కింద లెక్క. రన్‌వే దగ్గర క్యూ ఉందని తెలిసి కూడా బే నుంచి విమానాన్ని నాలుగడుగులు వెనక్కి నెట్టించి టైమ్ నమోదు చేసుకుని, ఆ తర్వాత అక్కడే ఆగి ఉండటం ఏ దేశంలోనైనా జరిగేదే. లోపల కూర్చున్నవాళ్లకు ఆలస్యం, లెక్కలో సకాలం. నిర్వచనం దీన్ని ఆపలేదు. కానీ కదిలిన సమయం, లేచిన సమయం రెండూ విడిగా నమోదైతే మధ్యలో ఉన్న దూరం కనపడుతుంది. కనపడితే అడిగేవాళ్లుంటారు.

రెండో అనుమానం ప్రమాణాల మీదే. ఏఐడీఎక్స్, ఆక్రిస్, అయాటా వాళ్ల ఏఐడీఎం, ఏటీసీ వైపు ఫిక్సిమ్. ఒక్కొక్క కూటమి ఒక్కొక్కటి తయారు చేసింది. కొన్ని ఒకదాన్నొకటి చూసుకుంటాయి, కొన్ని చూసుకోవు. వేల గడులున్న ఈ పుస్తకాలను తెచ్చి, రోజుకు కొన్ని పదుల విమానాలు నడిచే చోట మొత్తం అమలు చేయమంటే అది జరగని పని. కన్సల్టెంటుకు డబ్బులు, సిబ్బందికి ఇంకో లాగిన్ మిగులుతాయి. ఈ భయం నాకు నిజంగానే ఉంది. పాత ఎక్సెల్ షీటుతో చక్కగా నడుస్తున్న విభాగాల్లోకి పెద్ద సిస్టమ్ వచ్చి పనిని రెట్టింపు చేయడం చూశాను.

అయినా చిన్న విమానాశ్రయాలకే ఇది ఎక్కువ అవసరమని ఎందుకంటున్నానంటే, పెద్ద చోట్ల తికమకను సర్దడానికి మనుషులుంటారు. ఆపరేషన్స్ కంట్రోల్ రూములో అన్ని సంస్థల వాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు, అనుమానం వస్తే తల తిప్పి అడుగుతారు. చిన్న చోట ఒకే మనిషి మూడు పనులు చేస్తుంటాడు. రాత్రి షిఫ్టులో ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే స్క్రీన్ మీద ఉన్నదే సత్యం.

ఎక్కడ మొదలుపెట్టాలి

మన రాష్ట్రాన్నే చూడండి. గన్నవరం, తిరుపతి, రాజమండ్రి, కడప ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్నాయి. విశాఖ నౌకాదళం రన్‌వే మీద నడిచింది. భోగాపురం జీఎంఆర్ వాళ్లది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టింది. ఒక్క రాష్ట్రంలో ఇన్ని రకాల యజమానులు. ఏ ఒక్కరో తమ సాఫ్ట్‌వేర్‌లో అర్థాలు సరిచేసుకుంటే మిగతావాళ్లకు పట్టదు. అందుకే ఇది డీజీసీఏ చెప్పాల్సిన మాట అంటున్నాను. ఆలస్యమైతే ప్రయాణికుడికి ఏమివ్వాలో డీజీసీఏ ఇప్పటికే నియమం పెట్టింది. రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆ నియమంలో ‘బ్లాక్ టైమ్’ అన్న మాట ఇప్పటికే ఉంది, అంటే బే నుంచి బే దాకా. నియమాల్లో ఉన్న ఈ ఖచ్చితత్వం విమానాశ్రయాల రోజువారీ డేటాలోకి, బోర్డుల మీదికి, మన ఫోన్ల మీదికి రావాలి.

వేల గడులు వద్దు. బే నుంచి కదిలింది, గాల్లోకి లేచింది, నేలను తాకింది, బేలో ఆగింది, తలుపు తెరిచింది. ఈ అయిదు సమయాలు, ప్రతిదానికీ ఎవరు నమోదు చేయాలో ఒక పేరు, యూటీసీయో మన టైమో తేల్చే ఒక గుర్తు. ప్రయాణికుల సంఖ్యకు ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, మారినవాళ్లు, ట్రాన్సిట్‌లో ఉన్నవాళ్లు అని నాలుగు విడి గడులు. నిర్వచనాలు తెలుగులో, ఇంగ్లిష్‌లో, హిందీలో ఎవరైనా చదువుకునేలా బయట పెట్టాలి. ఎయిర్‌లైన్లు ఇందులో కొన్ని వ్యాపార రహస్యాలంటాయేమో. ట్రాకింగ్ సైట్లలో పిల్లలు కూడా చూస్తున్న సమయాల్లో దాచడానికేముంది? ప్రయాణికుడికి పంపే మెసేజ్‌లో ‘చేరుకుంది’ అన్న మాట తలుపు తెరిచాకే రావాలి. అంతకుముందు ‘రన్‌వే మీద దిగింది’ అని పంపుకోవచ్చు.

టీఓబీటీని మాత్రం నేను మొదటి విడతలో పెట్టను. బావగారు ఒప్పుకోవాలంటే రెండు షరతులు పెట్టారు: మారిన పరిస్థితినిబట్టి ఆ సమయాన్ని సవరించే హక్కు రాంప్ మీద, అంటే విమానం పక్కన నిలబడి, పనిచేసేవాడికే ఉండాలి. ఎందుకు సవరించాడో రాసే గడి దాని పక్కనే ఉండి, ఎయిర్‌లైన్ మనిషి తర్వాత వచ్చి దాన్ని దిద్దకూడదు. యూరప్‌లో టీశాట్ వచ్చాక ఈ సవరణలను కొంతవరకే అనుమతిస్తారు, లేకపోతే వరుస మొత్తం చెదిరిపోతుంది కాబట్టి. కాబట్టి మొదటి షరతుకు ఏదో ఒక హద్దు పెట్టక తప్పదు. ఆ హద్దు ఎక్కడుండాలో మేమిద్దరం తేల్చుకోలేకపోయాం. రెండో షరతు విషయంలో ఆయన అన్నది అక్షరాలా సరైనదని నా నమ్మకం. నియమం రాసేటప్పుడు రాంప్ మీద పనిచేసేవాళ్లను ఆ గదిలో కూర్చోబెట్టకపోతే ఆ గడి రాదు.